ఎన్కతల గడ్డి చూడటానికి పోయే ముందు ఇది చదువు బిడ్డా

బిడ్డా,

ఆదివారం పిల్లలను తీసుకుని వికారాబాద్ వైపు పోతున్నాం, గడ్డి భూములు, చేలు, అనంతగిరి అడవి అన్నీ ఒక్క రోజులో అవుతాయా పెదనాన్నా అని అడిగావు కదా. అవుతాయి. కానీ తీరిగ్గా టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరితే ఎండ తప్ప ఏం కనబడదు. చీకటి ఉండగానే కారెక్కండి, శంకర్‌పల్లి మీదుగా మోమిన్‌పేట మండలం ఎన్కతల చేరేసరికి తెల్లవారుతూ ఉండాలి. ముందు గడ్డి, తర్వాత చేలు, ఎండెక్కాక అడవి. ఈ వరస మార్చకు, ఎందుకంటే గడ్డిలో నిలబడటానికి నీడ ఉండదు, పొద్దెక్కితే పిట్టలు కూడా ఎక్కడివక్కడ నక్కుతాయి, అడవిలోనైతే మధ్యాహ్నమైనా నడవొచ్చు.

దిగగానే పిల్లలు "ఇక్కడేముంది, ఖాళీ జాగా కదా" అంటారు, చూస్తూ ఉండు. పెద్దవాళ్ళూ అదే అంటారు, కాకపోతే "ఎకరం ఎంత పలుకుతుంది" అని కలుపుతారు. వాళ్ళను ఒక పావుగంట బండి పక్కనే కదలకుండా నిలబెట్టు. చలికాలం కాబట్టి హారియర్ గద్దలు వచ్చి ఉంటాయి. మామూలు గద్దలా ఆకాశంలో వెతకొద్దు, ఇవి గడ్డి కొసల మీదుగా మనిషెత్తులోనే, రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకుని, అటొకసారి ఇటొకసారి ఒరుగుతూ పోతుంటాయి, ఉన్నట్టుండి తిరగబడి గడ్డిలో పడతాయి. లేచేటప్పుడు కాళ్ళలో ఏముందో చూడమను పిల్లల్ని, చాలాసార్లు మిడతే ఉంటుంది. ఎక్కడో మధ్య ఆసియా నుంచి వచ్చి మార్చి దాకా ఇక్కడ ఉంటాయి, రాత్రి చెట్టెక్కవు, ఆ గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి. అందుకే చెప్తున్నా, బండి బాట దిగకూడదు, గడ్డిలో బైకులు తిప్పి రీల్స్ తీసే పోరగాళ్ళు మీతో ఉంటే ఇంటి దగ్గరే వదిలేసి పో. మార్చి తర్వాత ఎప్పుడైనా పోతే ఇంకా పైలం, తీతువు పిట్ట గూడు కట్టదు, గులకరాళ్ళ మధ్య గులకరాళ్ళ లాంటి గుడ్లే పెడుతుంది, అది నెత్తి మీద తిరుగుతూ అరుస్తుందంటే అడుగు ముందుకు వేయకుండా వచ్చిన దారినే వెనక్కి రావాలి.

ఇంకొకటి, నీకు కోపం వచ్చినా సరే. మీ ఆఫీసు వాళ్ళు సీడ్ బాల్స్, అంటే చెట్ల విత్తనాలు పెట్టిన మట్టి ఉండలు ఇచ్చారు, అక్కడ చల్లుతాం అన్నావు. వద్దు. చెట్లు లేవంటే అది పాడుబడ్డ నేల అని కాదు, అది గడ్డి నేల, ఎప్పటి నుంచో అలాగే ఉంది. చెట్లు పెరిగి నీడ పడితే గడ్డి చస్తుంది, గడ్డి మీద బతికే పిట్టలు పోతాయి. రికార్డుల్లో బంజరు అని రాసుకోవడం వల్ల మనకు ఆ లోకువ వచ్చింది. నంద్యాల జిల్లా రోళ్ళపాడు సంగతి చూడు, గడ్డి నేలల్లో బతికే బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమని 1988లో అభయారణ్యం పెట్టారు, ఇప్పుడు కృష్ణజింకలు కనబడతాయి గానీ ఆ పిట్ట కనబడదు. సీడ్ బాల్స్ మీ అపార్ట్‌మెంట్ వెనక వేసుకోండి.

బట్టల విషయంలో ఫ్యాషన్ వద్దు. బూట్లు, నిండు ప్యాంటు. ఎండిన గడ్డి ముళ్ళు సాక్సుల్లో దిగితే ఇంటికొచ్చాక ఒక్కొక్కటి పీక్కుంటూ కూర్చోవాలి, పల్లేరు కాయలు సరేసరి. పాములుంటాయి, రక్తపింజర కూడా ఉంటుంది, కాబట్టి కాలు పెట్టే చోటు చూసి పెట్టాలి. ఏమన్నా జరిగితే కట్టు బిగించడం, కోయడం లాంటివి చేయొద్దు, మనిషిని నడిపించకుండా 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకు తీసుకుపోవాలి.

చేల దగ్గర రైతు కనబడితే ముందు పలకరించు, "అన్నా, గట్టు మీద నడవచ్చా" అని అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. కంది కాయ పట్టి ఉంటుంది, పిల్లలు తెంపకుండా చూడు, అడిగితే వాళ్ళే ఇస్తారు. కరెంటు తీగల మీద పాలపిట్ట కోసం చూడండి, దసరా రోజే కనబడాలని రూలేం లేదు. చీకటి పడ్డాక మాత్రం చేలల్లో అడుగు పెట్టొద్దు, అడవి పందుల కోసం దొంగతనంగా కరెంటు తీగలు పెడతారు కొందరు, వాటికి మనుషులు కూడా చనిపోయారు.

అనంతగిరి గురించి పెద్దగా చెప్పను, నీకు తెలిసిందే. కార్తీకమాసం కదా, పద్మనాభస్వామి గుడి దగ్గర వనభోజనాల రద్దీ ఉంటుంది, దర్శనం చేసుకుని జనం లేని బాట పట్టండి. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే, ఆ నీళ్ళే గండిపేటకు వస్తాయని పిల్లలకు చెప్పు, నాలా వాసన తప్ప మూసీ అంటే ఏమీ తెలియదు వాళ్ళకు. కోతులకు ఏమీ పెట్టొద్దు. ఎండుటాకుల్లో సిగరెట్ పారేసేవాడు మీ గుంపులో ఉంటే వాడి పక్కన ఒకరిని కాపలా పెట్టు.

ఫొటోలు గ్రూపులో పెట్టుకో, గద్దలు పడుకునే చోటు లొకేషన్ మాత్రం పెట్టకు, వచ్చే ఆదివారానికి అక్కడ ఇరవై కార్లుంటాయి. నా బైనాక్యులర్ ఇంట్లో ఊరికే పడి ఉంది, శనివారం సాయంత్రం వచ్చి తీసుకుపో, దాని పట్టీ తెగింది, ఏదైనా తాడు తెచ్చుకో.

మీ పెదనాన్న