ఊట ఎక్కడి నుంచి వస్తుంది సార్?

ఈసారి ప్రశ్నలు ఎక్కువగా డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల నుంచే వచ్చాయి, సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డట్టున్నాయి. "యూనిట్ వన్‌లో ఇంపార్టెంట్ ప్రశ్నలు చెప్పండి సార్" అని రాసినవాళ్లకి నా దగ్గర జవాబు లేదు, ఏమీ అనుకోకండి. మిగతావాటిలో ఐదు తీసుకున్నాను. పిల్లల్ని "నువ్వు" అనే అంటాను. ఏళ్ల తరబడి క్లాసులో అలా అలవాటైన నోరు, ఇప్పుడు మార్చుకోలేను.

ప్రశ్న: సార్, ఆస్మాసిస్ దగ్గర ఆగిపోయాను. పుస్తకంలో "తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢతకు" అని ఉంది. మా నోట్సులో "ఎక్కువ నుంచి తక్కువకు" అని ఉంది. ఏది రాయాలి? (బి.ఎస్సీ. విద్యార్థిని, తెనాలి)

జవాబు: రెండూ రైటే తల్లీ, చిక్కంతా అక్కడే ఉంది. పుస్తకం ఉప్పు గాఢత గురించి చెబుతోంది, మీ నోట్సు నీళ్ల గురించి చెబుతోంది. దేని గాఢతో చెప్పకుండా వదిలేశారు కాబట్టి నీకు టెన్షన్ వచ్చింది. నువ్వు మాత్రం "నీళ్లు ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకి, త్వచం గుండా" అని రాయి, ఎవరూ కొట్టెయ్యలేరు.

ఇంకా అనుమానంగా ఉంటే మాగాయ పెట్టేటప్పుడు మీ అమ్మగారి పక్కన కూర్చో. తొక్క తీసిన మామిడి ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెడతారు. ఒక్క చుక్క నీళ్లు పొయ్యరు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ఆ నీళ్లు ముక్కలోవే. బయట ఉప్పు ఎక్కువ, అంటే అక్కడ నీళ్ల వాటా తక్కువ. లోపల కణాల్లో నీళ్ల వాటా ఎక్కువ. కణం చుట్టూ ఉండే పలచటి పొర, అంటే కణత్వచం, నీళ్లని పోనిస్తుంది, ఉప్పుని అంత తేలిగ్గా రానివ్వదు. అందుకని నీళ్లు బయటికొచ్చేస్తాయి, కరకరలాడే ముక్క వడిలిన వంకాయలా మెత్తబడిపోతుంది. ల్యాబులో రియో ఆకు పొరని ఉప్పునీళ్లలో పెట్టి ప్లాస్మోలిసిస్ అని మైక్రోస్కోపులో చూపించేది దీన్నే. కాకపోతే అక్కడ నోరూరదు.

అయితే ఇక్కడ నువ్వు నన్నొక ప్రశ్న అడగాలి. త్వచం ఉప్పుని రానివ్వకపోతే ముక్కకి లోపలిదాకా ఉప్పెలా పడుతుంది? అంత ఉప్పులో కొద్దిసేపటికి కణం చచ్చిపోతుంది. చచ్చిన కణానికి త్వచం ఉన్నా కాపలా ఉండదు, ఉప్పు మామూలు విసరణతో (అదే డిఫ్యూజన్) లోపలికి వెళ్లిపోతుంది. అంటే ఊట రావడం ఆస్మాసిస్, ముక్కకి ఉప్పు పట్టడం డిఫ్యూజన్. ఈ రెండు మాటలకీ తేడా రాయమని అడిగితే జాడీ తలుచుకో చాలు. ఊరగాయ మీద వాలిన బూజు కణానికి కూడా ఆ మామిడి కణానికి పట్టిన గతే పడుతుంది కాబట్టే ఏడాదంతా నిలవుంటుంది.

హాస్పిటల్లో ఎక్కించే సెలైన్ లీటరుకి 9 గ్రాముల ఉప్పున్న నీళ్లు, అంటే 0.9 శాతం. మన రక్తకణాల లోపలి గాఢతకి అది సరిపోతుంది. దాని బదులు వట్టి డిస్టిల్డ్ వాటర్ నరంలోకి ఎక్కిస్తే ఎర్ర రక్తకణాల్లోకి నీళ్లు చొరబడి అవి పగిలిపోతాయి. మొక్క కణానికి చుట్టూ గోడ ఉంటుంది కాబట్టి పగలదు, బిర్రుగా ఉబ్బుతుందంతే. వాడిన తోటకూర మీద నీళ్లు చల్లి కూరగాయలమ్మి నిలబెట్టేది ఈ కిటుకుతోనే.

ఇదే ప్రశ్నకి తోకలాంటిది నంద్యాల నుంచి ఒక తల్లి రాశారు. పిల్లాడికి విరేచనాలైతే నీళ్లు పడితే చాలదా, ఓఆర్ఎస్‌లో చక్కెర ఎందుకు, అని. అమ్మా, నీళ్లని పట్టి లాగే పంపు ఏ కణానికీ లేదు. కణం ఉప్పుని లాగుతుంది, నీళ్లు దాని వెనకాలే వస్తాయి. చిన్నపేగు గోడలో ఉన్న ఒక ప్రోటీన్ సోడియాన్నీ గ్లూకోజునీ జంటగా అయితేనే లోపలికి తీసుకెళుతుంది. జబ్బులో మిగతా దార్లు దెబ్బతిన్నా ఈ ఒక్క ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. అందుకని చక్కెర అక్కడ రుచికోసం కాదు, బలంకోసం కూడా కాదు, ఉప్పుకి టికెట్టు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లలో కలరా చెలరేగి, బొన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ ఉప్పు చక్కెర నీళ్లు కలిపించి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపమంటే అన్ని నీళ్లలోనే కలపండి. చిక్కగా ఉంటే మంచిదని సగం గ్లాసులో కలిపితే మాగాయ కథ పేగులో మొదలవుతుంది, ఉన్న నీళ్లు కూడా బయటికొస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. కోడిగుడ్డు మొత్తం ఒకే కణం అంటాడు. కణం కంటికి కనపడదని మేము చదువుకున్నాం. వాడు నన్ను ఆటపట్టిస్తున్నాడా? (గృహిణి, సిద్దిపేట)

జవాబు: లేదండీ, కాకపోతే కొంచెం ఎక్కువ చెప్పాడు. ఫారం గుడ్డు అయితే పచ్చసొన ఒక్కటే కణం. తెల్లసొన, పెంకు ఆ తర్వాత కోడి కడుపులో దారిపొడుగునా చుట్టినవి. అవి కణాలు కావు. రేపు ఆమ్లెట్ వేసేటప్పుడు గుడ్డుని గిన్నెలోకి మెల్లిగా పగలగొట్టి చూడండి. సొన మీద రెండు మూడు మిల్లీమీటర్ల తెల్లటి మచ్చ కనపడుతుంది. కణానికి ప్రాణం లాంటి కేంద్రకం అక్కడే ఉంటుంది, మిగతా పసుపంతా పుట్టబోయే పిల్లకి కట్టిన సద్ది. సొనకి అటూ ఇటూ పేగులా మెలితిరిగిన తెల్లటి తాడు కనపడితే అది పిల్ల అనుకుని తీసి పారేసేవాళ్లని చూశాను. అది పిల్ల కాదు, సొనని మధ్యలో నిలబెట్టే తాడు, అంతే.

నాటుకోడి గుడ్డు సంగతి వేరు. పుంజు తిరిగే ఇంట్లో గుడ్డు చాలావరకు ఫలదీకరణ అయ్యే వస్తుంది, పెట్టే సమయానికే ఆ మచ్చలో వేల కణాలు తయారై ఉంటాయి. మీవాడు అక్కడ ఒకే కణమంటే ఓడిపోతాడు.

మరి మిగతా కణాలన్నీ ఎందుకంత చిన్నవి? ఒక సెంటీమీటరు పాలకోవా ముక్క తీసుకోండి, అన్ని వైపులా చదరంగా. దాని ఉపరితలం 6, ఘనపరిమాణం 1. భుజం రెండింతలు చేస్తే ఉపరితలం 24, ఘనపరిమాణం 8. ఒక్కో పాలు లోపలి సరుక్కి ఆరు పాళ్ల గోడ ఉండేది మూడుకి పడిపోయింది. కణానికి తిండి, ఆక్సిజన్ రావాలన్నా చెత్త పోవాలన్నా ఆ గోడే దారి. పెరిగేకొద్దీ లోపల జనం ఎక్కువై గుమ్మాలు తక్కువైన ఇల్లవుతుంది. గుడ్డు అంత పెద్దదై కూడా బతకగలిగేది దాదాపు అంతా నిలవ సరుకే కాబట్టి. ఊపిరి కావలసింది ఆ మచ్చకే.

ప్రశ్న: కెమిస్ట్రీ సార్ బంధం తెంచడానికి శక్తి కావాలంటారు. జువాలజీ మేడం ఏటీపీలో బంధం తెగితే శక్తి వస్తుందంటారు. ఎవరు రైటు సార్? ఇద్దరూ స్ట్రిక్టే. (బి.జెడ్.సి. విద్యార్థి, భీమవరం)

జవాబు: కెమిస్ట్రీ సారే. మేడంగారు కూడా తప్పు చెప్పలేదు, సగంలో ఆపేశారు. ఆర్టీసీ బస్సులో ఇద్దరు కూర్చునే సీట్లో ముగ్గురు ఇరుక్కున్నారనుకో. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులో మూడు ఫాస్ఫేట్లదీ అదే పరిస్థితి, అన్నిటికీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. చివరివాడు లేవాలంటే కాస్త కష్టపడాలి, అదే బంధం తెంచడానికి అయ్యే ఖర్చు. లేచాక మాత్రం ముగ్గురికీ హాయి. తెగిన ఫాస్ఫేటు చుట్టూ నీళ్లు చేరి కొత్త బంధాలు ఏర్పడి అది కుదురుకుంటుంది. పెట్టిన ఖర్చు కన్నా వచ్చింది ఎక్కువ. ఆ మిగులు ప్రామాణిక పరిస్థితుల్లో మోలుకి సుమారు 7.3 కిలోకాలరీలు. కాబట్టి "బంధంలో శక్తి దాగి ఉంటుంది" అని రాయకు, "ఏటీపీ జలవిశ్లేషణలో నికరంగా శక్తి విడుదలవుతుంది" అని రాయి, ఇద్దరూ మార్కులేస్తారు.

మీది భీమవరం కాబట్టి ఊరికే వదలను. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టింది మీ ఊళ్లోనే. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కె దగ్గర చేరి, రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు ముదురుని బట్టి కొలిచే పద్ధతి తయారుచేశారు. 1925లో అచ్చయింది, ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకి ఇప్పటికీ తెలుసు. ఆ పద్ధతితో కండరాన్ని కొలుస్తుంటే లెక్కకి రాని ఫాస్ఫరస్ ఒకటి తగిలింది. అది ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీ. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా పట్టుకున్నాడు. కండరం లాక్టిక్ ఆమ్లంతో నడుస్తుందన్న అప్పటి నమ్మకానికి బీట పడింది ఈ ఫాస్ఫేట్ల వల్లే. మన పిల్లలకి ఆయన పేరు క్విజ్ పోటీలో ఆయన కనిపెట్టిన మందుల జాబితాగా తెలుసు, క్లాసులో ఏటీపీ చెప్పేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తురాడు, నాకు ఒళ్లుమండే విషయం ఇదొకటి.

ఏటీపీ పని చేయించడానికే అనుకుంటారు, పట్టు వదిలించడానికి కూడా అదే కావాలి. కండరంలో మయోసిన్ అనే ప్రోటీన్ తల యాక్టిన్ అనే ఇంకో ప్రోటీన్ తీగని పట్టుకుని లాగుతుంది. ఇంకో ఏటీపీ వచ్చి అతుక్కుంటేనే ఆ పట్టు విడుస్తుంది. ప్రాణం పోయాక కొన్ని గంటలకి శరీరం కొయ్యబారిపోవడం మనం చూసేదే. ఏటీపీ అయిపోయింది, పట్టిన తలలు పట్టినట్టే ఉండిపోయాయి.

ప్రశ్న: మైటోకాండ్రియా గురించి "కణం యొక్క పవర్ హౌస్" అని రాస్తే ఒక మార్కే వేశారు. ఇంకేం రాయాలి? (పేరు వద్దన్నారు)

జవాబు: ఒకటి వేశారంటే దయగల మనిషే. దానికి సొంత డీఎన్ఏ ఉందని, మనిషిలో అందులో 37 జన్యువులున్నాయని, అది తల్లి నుంచే వస్తుందని, బాక్టీరియాలాగా రెండుగా చీలుతుందని, ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియా ఇంకో కణంలో చేరి కాపురం పెట్టిందన్న వాదాన్ని 1967లో లిన్ మార్గులిస్ గట్టిగా ముందుకు తెచ్చిందని రాయి. పటం వేస్తే లోపలి పొర ముడతలు మర్చిపోకు.

ప్రశ్న: మాది పత్తి సేద్యం. బీటీ విత్తనం వేసినా గులాబీ రంగు పురుగు వస్తోంది. "పురుగు మందుకి అలవాటు పడింది" అంటున్నారు నాన్న. మా బోటనీ సార్ అది తప్పు, నేచురల్ సెలెక్షన్ అన్నారు. నాన్నకి ఎలా చెప్పను? (డిగ్రీ విద్యార్థి, వరంగల్ జిల్లా)

జవాబు: నాన్నగారి దగ్గరకెళ్లి "నువ్వు తప్పు" అని మాత్రం మొదలుపెట్టకు. ఆయన పొలంలో చూసింది నిజమే, మాట ఒక్కటే తేడా. అలవాటు పడాలంటే అదే పురుగు బతికి ఉండాలి. పిల్లాడు కొంచెం కొంచెంగా కారం తిని అలవాటు పడతాడు. పురుగుకి ఆ అవకాశం లేదు. బీటీ పత్తిలో ఒక బాక్టీరియా జన్యువు చేర్చారు కాబట్టి కాయలో విషపు ప్రోటీన్ ఉంది, తిన్నది చావాలి లేదా బతకాలి. ఆ ప్రోటీన్ పురుగు పేగు గోడ మీద ఒక గ్రాహకానికి అతుక్కుంటేనే చంపగలదు. లక్షల పురుగుల్లో ఎక్కడో ఒకదానికి ఆ గ్రాహకం తయారుచేసే జన్యువు పుట్టుకతోనే కొంచెం తేడాగా ఉంటుంది. బీటీ రాకముందు ఆ తేడాకి విలువ లేదు. బీటీ వచ్చాక మిగతావన్నీ చస్తే ఆ తేడా ఉన్నవే మిగిలి, వాటి పిల్లలే పొలమంతా నిండాయి. మారింది పురుగు కాదు, పురుగుల మంద. మీ సార్ నేచురల్ సెలెక్షన్ అన్నది దీన్నే.

తేడా ముందే ఉందని నమ్మేదెలా అని మీ సార్ అడిగితే 1952లో లెడర్‌బర్గ్ దంపతులు చేసింది చెప్పు. బాక్టీరియా పెరిగిన ప్లేటు మీద వెల్వెట్ గుడ్డ అద్ది, దాన్నే రబ్బరుస్టాంపులా మందున్న ప్లేట్ల మీద వేశారు. ప్రతి ప్లేటులోనూ ఒకే చోట ఉన్న మచ్చలే బతికాయి. మందుని తట్టుకునే ఆ మచ్చలు మందు తగలని మొదటి ప్లేటులోనే ఉన్నాయన్నమాట.

మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002లో, ఒక జన్యువుతో. 2006లో రెండు జన్యువులది వచ్చింది. మొదటిదానికి గులాబీ పురుగు తట్టుకుంటోందని 2010కల్లా గుజరాత్‌లో తేలింది, తర్వాత రెండోదీ అదే దారి పట్టింది. ఇప్పుడు నాన్నగారిని ఒకటి అడుగు. విత్తనం ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఒకటి వచ్చేది కదా, దాన్నేం చేసేవాళ్లు? అది బీటీ కాని పత్తి. పొలం చుట్టూ వేయమని ఇచ్చారు. "డబ్బు పెట్టి కొన్న చేలో పురుగుకి మేపు వేయాలా" అని చాలామంది పక్కన పడేశారు. మామూలు రైతుకి అలా అనిపించడంలో తప్పులేదు, ఎందుకో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ చుట్టు వరసల్లో విషం తినని మామూలు పురుగులు బతికి, బీటీలో మిగిలిన ఒకటీ అరాతో జతకట్టాలి. అప్పుడు పుట్టే పిల్లలకి తేడా జన్యువు ఒకవైపు నుంచే వస్తుంది, అంతర్గత లక్షణం (రిసెసివ్, రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడేది) కాబట్టి అవి బీటీ కాయ తింటే చస్తాయి. మెండెల్ బఠాణీలే, పత్తి చేలో.

శనగపచ్చ పురుగు మీద ఇదే బీటీ ఇంకా ఎందుకు పనిచేస్తోందో కూడా దీంట్లోంచే తెలుస్తుంది. అది శనగ, కంది, టమాటా ఏదైనా తింటుంది, ఊరి చుట్టూ దానికి విషంలేని చేలున్నాయి. గులాబీ పురుగు దాదాపు పత్తినే నమ్ముకుంది. ఇంకో రెండు తీతలు వస్తాయని ఫిబ్రవరి, మార్చి దాకా పత్తిని నీళ్లుపెట్టి ఉంచితే దానికి తరం మీద తరం నడుస్తుంది, పత్తి కట్టె చేలోనో ఇంటిపక్కనో పోగేసి ఉంచితే వచ్చే పంటదాకా పురుగు అందులోనే నిద్రపోతుంది. ఈమధ్య ఆ బీటీ కాని గింజల్ని విడిగా ఇవ్వకుండా ప్యాకెట్లోనే కలిపి అమ్ముతున్నారు, పక్కన పడేసే వీలులేకుండా. ఈసారి గుడ్డిపూలు, అంటే పురుగు పట్టి విచ్చుకోని పూలు, కనపడితే ఒకటి కోసి విప్పి, లోపలున్న పురుగుని చేతిలో పెట్టి నాన్నకి ఇదంతా చెప్పు, నా కాలమ్ చదివి వినిపించే కన్నా అదే నయం.