విప్పే ముందు నడిపించు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫొటోలు చూశాను. మంచి బండి దొరికింది నీకు. కబ్ క్యాడెట్ 102 అంటే 1960లలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ అమెరికాలో కెంటకీలోని లూయివిల్‌లో తయారుచేసిన తోట ట్రాక్టరు. ముందు కోలర్ కంపెనీ పది హెచ్‌పీ ఇంజను, దానికి పోత ఇనుము బ్లాకు. వెనక గేర్‌బాక్స్ ఫార్మాల్ కబ్ అనే పొలం ట్రాక్టరు గేర్‌బాక్స్ వంశానిదే. ఇంజను నుంచి గేర్‌బాక్స్‌కి బెల్టు లేదు, నేరుగా ఇనప షాఫ్టే. ఇప్పుడు షాపుల్లో కొనే మామూలు గడ్డి బండిలో ఈ సరుకు కనిపించదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నీలాంటివాడు దాన్ని బాగుచేసుకోగలుగుతున్నాడంటే కారణం ఆ ఇనుమే.

నీ ప్లాన్ మాత్రం నాకు నచ్చలేదు. మొత్తం విప్పేసి, ప్రతి ముక్కా శుభ్రం చేసి, పెయింట్ కొట్టి, మళ్ళీ బిగిస్తానని రాశావు. అలా మొదలుపెట్టకు. ముందు దాన్ని నడిపించు. ఒక సీజనంతా పని చేయించు. గడ్డి కోయించు, మట్టి మోయించు, వీలైతే దున్నించు. విప్పడం సంగతి ఆ తర్వాత చూద్దాం. నడవని బండిని విప్పితే దాని రోగం ఏమిటో నీకెలా తెలుస్తుంది? స్టార్ట్ చేసిన కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే అనుమానం వాల్వ్ గైడ్ల మీద. లోడు పడినప్పుడల్లా పొగ వస్తుంటే పిస్టన్ రింగుల మీద. గేరు జారుతోందా, క్లచ్ పట్టు తప్పుతోందా, స్టీరింగ్ ఎంత వదులుగా ఉంది, ఇవన్నీ సీటు మీద కూర్చుంటేనే తెలుస్తాయి. పైగా మొదటిరోజే మొత్తం విప్పిన బళ్ళు చాలావరకు అట్టపెట్టెల్లోకి చేరి, అలాగే ఇంకొకరికి అమ్ముడుపోతాయి. కొన్నవాడికి ఏ బోల్టు ఎక్కడిదో తెలియదు. నీ బండికి ఆ గతి పట్టకూడదు.

ఇంజనుతో మొదలుపెట్టు. ఎన్నేళ్ళు పడి ఉందో తెలియదన్నావు కాబట్టి స్టార్టర్ జోలికి వెళ్ళకు. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో కొంచెం ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పోసి, ఒక రోజు ఆగి, ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి చూడు. తిరిగితే అదృష్టం. పట్టేసి ఉంటే మళ్ళీ పోసి వారం ఆగు. గేరులో వేసి ఇంకో బండితో లాగించి వదిలించాలని మాత్రం చూడకు, పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ విరుగుతుంది. ఆ రాడ్ అల్యూమినియంది.

తర్వాత ఇంజను చుట్టూ ఉన్న రేకుల కవరు విప్పు. ఇది గాలితో చల్లబడే ఇంజను. ఫ్లైవీల్ రెక్కలు కొట్టే గాలి ఆ రేకుల లోపలినుంచి సిలిండర్ మీదికి వెళ్ళాలి. ఏళ్ళ తరబడి షెడ్డులో ఉన్న బళ్ళలో అక్కడ ఎలుకలు గూళ్ళు కట్టేస్తాయి. అది తీయకుండా స్టార్ట్ చేస్తే ఇంజను బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది, కాసేపటికి వేడెక్కి చెడుతుంది. రేకులు బోర్లించి శుభ్రం చేసి, మళ్ళీ అన్నీ బిగించాకే స్టార్ట్ చెయ్యి. చూడ్డానికి బాగుంటుందని కొందరు ఆ రేకులు తీసేసి నడుపుతారు. నువ్వు ఆ పని చెయ్యకు.

ఇంజను లోపల ఆయిల్ పంపు ఉండదని గుర్తుంచుకో. రాడ్ కింద ఉన్న చిన్న కొక్కెం లాంటి ముక్క ఆయిల్‌లో మునిగి చిమ్ముతూ ఉంటుంది, లోపలి భాగాలకి అందేది అదే. ఆయిల్ తగ్గినా, బండి బాగా ఏటవాలు నేల మీద ఎక్కువసేపు నిలబడినా ఆ చిమ్ముడు అందదు. ఈ ఇంజన్లలో రాడ్లు పోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. పని మొదలుపెట్టే ప్రతిసారీ ఆయిల్ చూడు. వేసవిలో ఎస్‌ఏఈ 30 గ్రేడు ఆయిల్ చాలు.

స్పార్కు రాకపోతే టెన్షన్ పడకు. కాంటాక్ట్ పాయింట్లు, అంటే స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్, తుప్పు పట్టి ఉంటాయి, అంతే. వాటిని శుభ్రం చేసి, సందు కొలిచే పలచటి రేకుతో (ఫీలర్ గేజ్) 0.020 అంగుళం ఎడం పెట్టు. ప్లగ్‌కి 0.035. కార్బొరేటర్ విప్పి కడిగాక, దాని మీద పెట్రోలు కొలత సరిచేసే రెండు మరల్లో మెయిన్ నీడిల్‌ని వేళ్ళతో మెల్లగా ఆగేదాకా బిగించి రెండు చుట్లు వెనక్కి తిప్పు, ఐడిల్ నీడిల్‌ని ఒకటింపావు చుట్టు. గట్టిగా బిగిస్తే నీడిల్ మొన మీద గాడి పడుతుంది, ఇక ఎంత తిప్పినా సెట్ అవదు. ఇది మొదటి సెట్టింగే. ఇంజను వేడెక్కాక చెవితో వింటూ సరిచేసుకోవాలి.

సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ కొన్నానని మురిసిపోతూ రాశావు. ఈ ఇంజను దగ్గర అది నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. తేలిగ్గా స్టార్ట్ అవడానికి కోలర్ వాళ్ళు క్యామ్ షాఫ్ట్ మీద ఒక ఏర్పాటు పెట్టారు. నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఎగ్జాస్ట్ వాల్వ్‌ని కొంచెం తెరిచి ఉంచుతుంది. కాబట్టి మంచి ఇంజను కూడా తక్కువ చూపిస్తుంది. రెండు వాల్వులూ మూసుకుని ఉండగా పిస్టన్ పైకొచ్చిన చోట ఆపి, ప్లగ్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి పెట్టి ఎక్కడ లీకవుతోందో విను. కార్బొరేటర్‌లో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే చోట అయితే రింగులు. గాలి పెట్టేటప్పుడు ఫ్లైవీల్ గిర్రున తిరగొచ్చు, చేతులు దూరంగా ఉంచు.

స్టార్టరూ జెనరేటరూ ఈ బండిలో ఒకటే డబ్బా. స్టార్ట్ చేసేటప్పుడు బెల్టుతో ఇంజన్ని తిప్పుతుంది, తర్వాత అదే ఛార్జింగ్ చేస్తుంది. వైరింగ్ మార్చాక ఛార్జింగ్ రాకపోతే వెంటనే కొత్తది కొనకు. ఇంజను ఆపి ఉండగా, బ్యాటరీ కలిపి ఉంచి, ఛార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ మీద బ్యాటరీ టెర్మినల్‌నీ ఆర్మేచర్ టెర్మినల్‌నీ ఒక వైరు ముక్కతో ఒక్క క్షణం తాకించు. ధ్రువం సరిపడి చాలాసార్లు పని చేస్తుంది. పైనున్న బెల్టు వదులుగా ఉందేమో కూడా చూడు.

గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడం మరిచిపోకు. బయట నిలబడ్డ బళ్ళలో గేర్ లివర్ దగ్గరనుంచి నీళ్ళు దిగుతాయి. తీసిన ఆయిల్ తెల్లగా చిక్కబడి ఉంటే నీళ్ళు చేరినట్టే. హై-ట్రాన్ అనే గేర్‌బాక్స్ ఆయిల్ పోసి కొన్ని గంటలు నడిపి, ఒకసారి తీసేసి, మళ్ళీ కొత్తది పొయ్యి.

పట్టేసిన బోల్టుల దగ్గర ఓపిక కావాలి. పొడవాటి పానా తీసుకుని బలం చూపిస్తే బోల్టు తల తెగి చేతికొస్తుంది. అసిటోనూ ట్రాన్స్‌మిషన్ ఆయిలూ సమానంగా కలిపి రాత్రి పూసి వదిలెయ్యి. అది ఆరిపోయి, అసిటోన్ డబ్బా దూరంగా పెట్టాక టార్చ్‌తో నట్టుని వేడి చేసి, వేడిగా ఉండగానే కొవ్వొత్తి మైనం తాకించు. మరల్లోకి పీల్చుకుంటుంది. ముందు కొంచెం బిగించు, తర్వాత వదులు చెయ్యి. బ్రేక్ క్లీనర్ కొట్టిన ముక్కని మాత్రం ఎప్పుడూ వేడి చెయ్యకు, వెల్డింగ్ పెట్టకు. క్లోరిన్ ఉన్న రకమైతే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పాత క్లచ్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. ఆ దుమ్ముని గాలితో ఊదకు, తడిపి తుడువు, మంచి మాస్క్ పెట్టుకో. ఈ విషయంలో నా మాట దాటకు.

చిన్న ముక్కల తుప్పుకి నాకు కరెంటు పద్ధతే ఇష్టం. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు, అందులో చాకలి సోడా. బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ క్లిప్పు తుప్పు పట్టిన ముక్కకి, పాజిటివ్ ఏదైనా పనికిరాని ఇనప ముక్కకి. రెండూ తాకకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు అస్సలు వాడకు, నీళ్ళలో విషపు క్రోమియం చేరుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టు. మంచి ఇనుము అరగదు, తుప్పు మాత్రమే వదులుతుంది. అందుకే దీనికి నా ఓటు.

పెయింట్ సంగతి. నీ బండి మీద అసలు పసుపూ తెలుపూ ఇంకా మూడొంతులు ఉన్నాయి. ఫ్యాక్టరీలో వేసిన రంగు ఒక్కసారే ఉంటుంది, మళ్ళీ ఎంత బాగా వేసినా అది కొత్త రంగే. కడిగి, మైనం పట్టించి, అలాగే ఉంచమని నా సలహా. తెలియక పోగొట్టుకున్నవి ఎన్నో ఉన్నాయి. 1969 నుంచి 1971 దాకా జాన్ డీర్ వాళ్ళు ప్యాషియో పేరుతో ఎరుపు, నారింజ, నీలం, పసుపు బోనెట్లతో తోట ట్రాక్టర్లు అమ్మారు. జాన్ డీర్ అంటే ఆకుపచ్చే కదా అని వాటిలో చాలావాటికి తర్వాతివాళ్ళు ఆకుపచ్చ కొట్టేశారు. ఇప్పుడు ఆ అసలు రంగుల కోసం జనం వెతుకుతున్నారు.

ఇక మార్పులు. ఎల్‌ఈడీ లైట్లు, గంటల మీటరు, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఇవి పెట్టుకో, అభ్యంతరం లేదు. ఛాసీకి కొత్త రంధ్రం పెట్టకుండా, రేపు విప్పేస్తే పాత రూపం వచ్చేలా ఉంటే చాలు. సీటు కింద స్విచ్ తప్పకుండా పెట్టు. నువ్వు సీటు దిగితే ఇగ్నిషన్ ఆగిపోవాలి. ఆ రోజుల్లో ఈ బళ్ళకి ఆ జాగ్రత్త లేదు, కింద మాత్రం తిరుగుతున్న బ్లేడు ఉంది. ఎలక్ట్రిక్ మోటారు పెడదామా అని అడిగావు, ఆ ఆలోచన కొత్తది కాదు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీయే 1970ల మొదట్లో ఎలెక్-ట్రాక్ పేరుతో బ్యాటరీ తోట ట్రాక్టర్లు అమ్మింది. ఆరు బ్యాటరీలు, ఒక్కోటి 6 వోల్టులు, మొత్తం 36 వోల్టులు. ఆ సరదా ఉంటే ఇంజను పోయిన బండి వెతుక్కో. బతికున్న కోలర్‌ని తీసి మూల పడెయ్యకు.

స్పీడు పెంచడానికి గవర్నర్ (ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే భాగం) జోలికి వెళ్ళే ఆలోచన మాత్రం ఇప్పుడే మానుకో. ఈ ఇంజను నిమిషానికి 3600 చుట్లకి మించకూడదు. ఫ్లైవీల్ పోత ఇనుముది. అదుపు తప్పి తిరిగితే ముక్కలుగా పగిలి ఎగురుతుంది, రేకు కవరు దాన్ని ఆపలేదు. ట్రాక్టర్లతో బరువులు లాగే పుల్లింగ్ పోటీల్లో ఉక్కు ఫ్లైవీలూ, గట్టి కవచమూ పెట్టేది ఇందుకే. రోడ్డు స్పీడు కోసం గేర్లు మార్చినా అంతే. ఆ బ్రేకులు నడక వేగానికే సరిపోతాయి.

పనిలో పెట్టే విషయానికొస్తే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దున్నడం. ఈ బండికి పది అంగుళాల ఒంటి రెక్క నాగలి సరిపోతుంది, అయిదారు అంగుళాల లోతు చాలు. వెనక చక్రాలకి ఇనప బరువులు కట్టు. టైర్లలో నీళ్ళు నింపేటట్టయితే గడ్డకట్టనిది నింపు. కాల్షియం క్లోరైడ్ రిమ్ములని తినేస్తుంది, చలికాలపు విండ్‌షీల్డ్ వాషర్ నీళ్ళు నయం. మొదటి చాలు తీసేటప్పుడు బండి సమంగా ఉంటుంది. రెండో చాలు నుంచి కుడి చక్రాలు చాలులో దిగి బండి పక్కకి వాలుతుంది. అప్పుడు ఆగి, ఆ వాలుకి తగ్గట్టు నాగలిని మళ్ళీ నేలకి సమంగా సెట్ చెయ్యాలి. ఇది తెలియక చాలామంది నాగలి బాగోలేదనుకుని అమ్మేస్తారు. నేలలో పదును, అంటే తేమ, చూసుకుని దిగు. మట్టి ముద్ద చేసి వేలితో నొక్కితే పొడిగా విడిపోవాలి. మట్టి సరిగ్గా తిరగబడుతూ, ఇంజను ఒకే శ్రుతిలో లాగుతుంటే వెనక్కి తిరిగి ఆ చాలు చూసుకో, నేనెందుకు ఇంత రాశానో అర్థమవుతుంది.

ఏది లాగినా వెనక కింద ఉన్న లాగుడు కొక్కేనికే (హిచ్) కట్టు. ఇరుసుకన్నా ఎత్తులో గొలుసు వేస్తే ముందు చక్రాలు లేచి బండి నీ మీదికే తిరగబడుతుంది. నిన్ను కాపాడే కమ్మీ ఏదీ దానికి లేదు. వాలు మీద అడ్డంగా నడపకు, తడి గడ్డి మీద అసలే వద్దు.

రెండో బండి కొనాలా అన్నావు. కొంటే ఇదే మోడల్లో ఇంజను పోయినది, నాగలో మంచు తోసే బ్లేడో తోడుగా వచ్చేది చూడు. విడిగా పనిముట్లు వెతకడంకన్నా అదే మేలు, పైగా విడిభాగాలు చేతిలో ఉంటాయి.

ఈ శనివారం రేకుల కవరు విప్పుతావు కదా, దాని మీద కోలర్ ప్లేటు ఉంటుంది. అందులో స్పెక్ నంబరు ఫొటో తీసి పంపు, ఏ గాస్కెట్లు తెప్పించాలో దాన్నిబట్టి చెబుతాను. ప్లగ్ తీసి ఫ్లైవీల్‌ని అటూ ఇటూ ఊపినప్పుడు టక్‌మని చప్పుడు వస్తోందేమో విని అది కూడా రాయి. వస్తే స్టార్ట్ చెయ్యకు, ముందు రాడ్ చూద్దాం.

ఉంటాను.
మామయ్య