పగ తీరడానికి ముందు పేజీ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. 2013 నాటి దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లలో భర్తను పోగొట్టుకున్న మనిషి దుఃఖాన్ని మొదటి పది పేజీల్లో ఎంత నిబ్బరంగా రాశావో, చివరి పేజీలో అంత తొందరపడ్డావు. హంతకుడు నేలకూలాడు, ఆమె ముఖం ప్రశాంతమైంది, కథ అయిపోయింది. ఆ ప్రశాంతతను నేను నమ్మలేకపోయాను.

ఫాతి అకిన్ 2017లో తీసిన జర్మన్ సినిమా ‘ఇన్ ది ఫేడ్’ చూడు. ముగింపు ముందే చెబుతున్నాను, తెలిసి చూసినా దాని బరువు తగ్గదు. హాంబర్గ్‌లో కాత్యా భర్త నూరీ, చిన్నవాడైన కొడుకు రోకో మేకుల బాంబుకు బలవుతారు. నూరీ కుర్దు జాతివాడు. పోలీసుల మొదటి ప్రశ్నలు అతని గతం గురించే. తరువాత నయా నాజీ దంపతులు పట్టుబడతారు గానీ, సంశయ లాభం కింద కోర్టు వారిని విడిచిపెడుతుంది. దీని వెనుక నిజమైన నెత్తురుంది. ఎన్.ఎస్.యు. అనే నయా నాజీ ముఠా 2000–2007 మధ్య పదిమందిని చంపింది, వారిలో తొమ్మిదిమంది వలస కుటుంబాలవారు. 2004లో కొలోన్ నగరంలో టర్కీవారి దుకాణాలున్న వీధిలో అదే ముఠా మేకుల బాంబు పేల్చింది.

కాత్యా ఆ దంపతులను వెతుక్కుంటూ గ్రీసు సముద్రతీరానికి వెళుతుంది. వారు నివసిస్తున్న వ్యాను కింద బాంబు పెట్టి, పొదల చాటున కూర్చుంటుంది. ఇంతలో ఒక చిన్న పిట్ట ఆ వ్యాను మీద వాలుతుంది. కాత్యా చూస్తూ ఉండిపోయి, చివరకు వెళ్లి బాంబును వెనక్కి తీసుకుంటుంది. ఆ తర్వాత, భర్తా బిడ్డా పోయిన నాటి నుంచి ఆగిపోయిన నెలసరి ఆమెకు మళ్లీ వస్తుంది. శరీరం ఆమెను అడగకుండానే బతకడం మొదలుపెట్టిందన్నమాట. అప్పీలు సంగతి మాట్లాడటానికి వకీలు ఫోను చేస్తాడు, అంటే న్యాయస్థానం తలుపు కూడా పూర్తిగా మూసుకోలేదు. ఇవన్నీ తెలిసి, మరునాడు ఆమె బాంబును తన ఒంటిమీదే మోసుకుని ఆ వ్యానులోకి ఎక్కుతుంది.

ఆమె చేసింది సరైనదని నేను అనుకోను, ఆ ముగింపు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అయినా నమ్మాను, ఎందుకంటే వెనక్కి తిరిగే దారి ఆమెకు నిజంగా ఉందని దర్శకుడు ముందు చూపించాడు. పగ తీరిన క్షణాన్ని కళ్లకు కట్టినట్టు రాయడానికి యువ రచయితలు చాలా శ్రమపడతారు. నా దృష్టిలో కష్టమైన పని దాని ముందు పేజీ, చెయ్యి ఆగిన పేజీ. నీ కథలో అదే లేదు. నీ నాయిక ఒక్కసారి కూడా ఆగదు, కాబట్టి ఆమె ఏం వదులుకుంటోందో మనకు తెలియదు.

నీ రెండో పేజీలో ఆవిడ భర్త స్కూటరు తాళంచెవి గుమ్మం పక్క మేకుకు వేలాడుతూ ఉంటుంది, రోజూ తుడుస్తుంది గానీ తియ్యదు. చాలా మంచి వాక్యం అది. తరువాత నువ్వు దాన్ని మరిచిపోయావు. చివరిసారి ఇల్లు దాటేటప్పుడు ఆమె ఆ తాళంచెవి దగ్గర ఎంతసేపు నిలబడిందో రాసి, నాకు మళ్లీ పంపు.