చెప్పాలన్న ఆరాటం తగ్గాకే నా మాట అందడం మొదలైంది

ప్రాచీన చైనాకు చెందిన తావో తాత్త్వికుల 'వూ వెయ్', అంటే బలవంతం లేని క్రియ, తెలిసినదాన్ని ఇతరులతో పంచుకోవడంలో ఎలా ఉపయోగపడుతుందని మీరు అడిగారు. సాఫ్ట్‌వేర్ పనిలో కొత్తగా చేరినవారికి నేర్పే బాధ్యత నాకు చాలాకాలం ఉంది కనుక, ఆ అనుభవం నుంచే చెబుతాను.

మొదట్లో ఎవరైనా చిన్న సందేహం అడిగితే దాని పుట్టుపూర్వోత్తరాల నుంచి మొదలుపెట్టి గంటసేపు వివరించేవాడిని. వారు శ్రద్ధగా తల ఊపేవారు, మర్నాడు అదే సందేహంతో మళ్లీ వచ్చేవారు. లోపం వారి గ్రహణశక్తిలో ఉందని నేను చాలాకాలం అనుకున్నాను. అది అన్యాయమైన ఆలోచన.

ఆ తాత్త్వికుల్లో ఒకరైన జువాంగ్‌జి పేరిట ఉన్న గ్రంథం 3వ అధ్యాయంలో డింగ్ అనే వంటవాడి కథ చదివాక నా పద్ధతి మారింది. 19 ఏళ్లలో వేల ఎద్దులను కోసినా అతని కత్తి అప్పుడే సానపట్టినట్టు ఉంటుంది, ఎందుకంటే అతడు ఎముకను నరకడు, కీళ్ల నడుమ సహజంగా ఉన్న సందులోకి కత్తిని పోనిస్తాడు. వినేవారి మనసులోనూ అలాంటి సందు ఒకటి ఉంటుందని, అది వారికి అర్థమైన చోటుకూ అర్థంకాని చోటుకూ మధ్య ఉంటుందని నాకు తోచింది. అప్పటి నుంచి వివరణకు ముందు "ఎంతవరకు వచ్చి ఆగిపోయారు?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఊరుకుంటున్నాను. చాలాసార్లు ఆ చెప్పడంలోనే దారి వారికే కనిపిస్తుంది. లేకపోతే నా ఒక్క వాక్యం చాలుతుంది.

అయితే వూ వెయ్ అంటే చేతులు ముడుచుకోవడం కాదు. ఒకసారి నేను అలాగే పొరబడి, సహోద్యోగి తానే తెలుసుకుంటాడని మౌనంగా ఉంటే, అతడు రెండు రోజులు ఒంటరిగా అవస్థపడ్డాడు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. చిక్కుముడి వంటి చోటు వచ్చినప్పుడు డింగ్ కూడా చూపు నిలిపి, చేయి నెమ్మదించి, మరింత జాగ్రత్తపడతాడు. కథలోని ఈ భాగాన్ని నేను అంతవరకు పట్టించుకోలేదు.

మాటల్లో పెట్టలేని నేర్పు సంగతి వేరు. అదే గ్రంథం 13వ అధ్యాయంలో, 70 ఏళ్ల వయసులోనూ చక్రాలు చెక్కుతున్న బియెన్, చేతికి తెలిసిన ఒడుపును సొంత కొడుక్కి కూడా చెప్పలేకపోయానంటాడు. అందుకే ప్రోగ్రామ్‌లో దోషం ఎక్కడుందో పసిగట్టే నేర్పును నేను వివరించబోను. పక్కన కూర్చోబెట్టుకుని నా పని నేను చేసుకుంటాను, తప్పుదారి పట్టి వెనక్కి వచ్చిన సందర్భాలను కూడా దాచకుండా చూడనిస్తాను.