ప్రభుత్వానికి ఉండేది హక్కా, అధికారమా?

సందేహం: ‘ప్రజావసరాలకు భూములు తీసుకునే హక్కు ప్రభుత్వానికి ఉంది’ అని ఒక పత్రిక రాసింది. మరో పత్రిక ‘అధికారం ఉంది’ అంది. రెండూ ఒకటేనా?

సమాధానం: ఒకటి కావు. ఇక్కడ ‘అధికారం’ అనే రాయాలి. రైతు దగ్గర ఉండేది హక్కు పత్రం. ఆ పొలానికి నోటీసు ఇచ్చే కలెక్టరుకు ఉండేది అధికారం. అది చట్టం ఇచ్చింది, చట్టం ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతుంది.

ఈ తికమకకు కారణం లేకపోలేదు. సంస్కృతంలో అధికారానికి ‘అర్హత’ అనే అర్థమూ ఉంది. గీతలోని ‘కర్మణ్యేవాధికారస్తే’లో ఉన్నది అదే. మన ‘ప్రాథమిక హక్కులు’ హిందీలో ‘మౌలిక్ అధికార్’. తెలుగు మాత్రం అరబ్బీ మూలమైన ‘హక్కు’ను సొంతం చేసుకుని రెండింటినీ విడదీసింది. అధికారంలోకి వస్తారు, దిగిపోతారు, దాన్ని చెలాయిస్తారు. హక్కులోకి ఎవరూ రారు. దాన్ని సాధించుకుంటారు, కాపాడుకుంటారు. ఇంత చక్కటి తేడాను చేజేతులా చెరిపేసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పైగా, ప్రభుత్వానికి ‘హక్కు’ అంటే భూసేకరణ ఇద్దరు రైతుల గట్టు తగాదాలా కనిపిస్తుంది. 1978లో రాజ్యాంగ 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించింది, నిజమే. కానీ చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని 300ఎ అధికరణం చెబుతూనే ఉంది. 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసమైతే బాధిత కుటుంబాల్లో కనీసం 80 శాతం ఒప్పుకోవాలి. ప్రాథమిక ప్రకటన వెలువడ్డాక అభ్యంతరం చెప్పుకోవడానికి 60 రోజుల గడువూ ఉంది. ఇన్ని షరతులకు లోబడి నడిచేదాన్ని హక్కు అనడం ఎలా?

ప్రభుత్వమే యజమాని అయిన చోట ‘ఈ స్థలంపై ప్రభుత్వానికి హక్కు ఉంది’ అనవచ్చు. కేంద్రం ఎదుట ‘రాష్ట్రాల హక్కులు’ అనడమూ సబబే. టీవీ చర్చల్లో వినిపించే ‘అరెస్టు చేసే హక్కు పోలీసులకు ఉంది’ మాత్రం తప్పు. అరెస్టు చేసే అధికారం పోలీసులది. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా తనను మేజిస్ట్రేటు ముందు హాజరుపరచమనే హక్కు అరెస్టయిన మనిషిది.