తప్పు తెలిసినా దిద్దుకోదెందుకు?

ప్రశ్న: నెట్‌వర్కులో అందిన సమాచారంలో తప్పు దొర్లిందని కంప్యూటరు కనిపెట్టగలిగినప్పుడు, తానే దిద్దుకోకుండా దాన్ని పారవేసి, మొత్తం మళ్ళీ తెప్పించుకోవడం దండగ కాదా?

జవాబు: దండగలాగే కనిపిస్తుంది గాని, లెక్క వేస్తే చాలాచోట్ల అదే చవక. తప్పు జరిగిందని తెలియడం వేరు, ఎక్కడ జరిగిందో తెలియడం వేరు. పంపే బిట్లలో (సున్నా, ఒకటి అనే అంకెల్లో) ఒకట్ల లెక్క ఎప్పుడూ సరిసంఖ్యగా ఉండాలని ముందే ఒప్పందం ఉందనుకుందాం. 1011001 అనే బిట్లలో ఒకట్లు నాలుగు, అంటే సరిసంఖ్య. అవతలికి ఐదు ఒకట్లు చేరితే ఏదో ఒక బిట్ తారుమారైందని ఇట్టే తెలుస్తుంది, కాని ఏ బిట్టో తెలియదు. ఏడు స్థానాల్లో ఏది చెడింది, లేక ఏదీ చెడలేదా అనే ఎనిమిది అవకాశాలను వేరుచేయడానికి మూడు బిట్లు కావాలి కనుక, అసలు సమాచారానికి మిగిలేవి నాలుగే. 1950లో అమెరికా గణితవేత్త రిచర్డ్ హామింగ్ ప్రకటించిన, తప్పును దిద్దే సంకేతానికి మూలం ఈ లెక్కే.

పైగా అది ఒక్క బిట్ చెడినప్పుడే పనికొస్తుంది. నిజానికి తప్పులు తరచు గుంపులుగా వస్తాయి. వాటికి రీడ్-సాలమన్ వంటి సంకేతాలు కావాలి. అందులో బాగా వాడుకలో ఉన్న ఒక రకం 223 బైట్ల (బైటంటే ఎనిమిది బిట్లు) సమాచారానికి 32 బైట్లు అదనంగా చేర్చి, 16 బైట్ల వరకు చెడినా దిద్దగలదు. తీగల నెట్‌వర్కైన ఈథర్‌నెట్‌లో 1500 బైట్ల ఫ్రేముకు, అంటే ఒక విడతలో పంపే సమాచారపు మూటకు, ఇలాంటి ముక్కలు ఏడు, అంటే 224 అదనపు బైట్లు. తప్పును పట్టుకోవడానికి మాత్రం ఈథర్‌నెట్ చేర్చే సీఆర్‌సీ (సమాచారం నుంచి లెక్కకట్టిన తనిఖీ సంఖ్య) 4 బైట్లే. వంద ఫ్రేముల్లో ఒకటి చెడిందనుకుంటే, పట్టుకుని మళ్ళీ పంపడానికి అయ్యే అదనపు ఖర్చు సుమారు 1,900 బైట్లు. ముందుజాగ్రత్తగా అన్నిటికీ దిద్దుబాటు బైట్లు చేరిస్తే 22,400. ఎనిమిదింటికి ఒకటి చొప్పున ఫ్రేములు పాడయ్యేంతవరకు మళ్ళీ పంపడమే లాభం. (చెడిన ఫ్రేమును ఈథర్‌నెట్ చడీచప్పుడు లేకుండా పారవేస్తుంది, అందినట్టు కబురు రాకపోవడం గమనించి మళ్ళీ పంపేది పై స్థాయిలో ఉండి, సమాచారం సరిగా చేరేలా చూసే టీసీపీ అనే నియమావళి.)

అయితే ఈ లెక్కలో నిరీక్షణ లేదు. 1986లో వాయేజర్ 2 అంతరిక్ష నౌక యురేనస్ గ్రహం చిత్రాలను పంపినప్పుడు సంకేతం భూమిని చేరడానికే రెండున్నర గంటలకు పైగా పట్టింది. మళ్ళీ పంపమని అడిగి ఎదురుచూసే వీలు లేనందున అక్కడ రీడ్-సాలమన్ బరువును మోయడమే న్యాయం. వైఫైలో రెండు పద్ధతులూ కలిసే ఉంటాయి: సిగ్నలు బలహీనమైతే ఒక్కో సమాచార బిట్‌కు రెండేసి బిట్లు పంపేంత దిద్దుబాటు చేరుస్తుంది, బలంగా ఉంటే ఐదింటికి ఆరుతో సరిపెడుతుంది, అప్పటికీ మిగిలిపోయిన తప్పును సీఆర్‌సీ పట్టుకుంటే ఆ ఫ్రేమును మళ్ళీ పంపుతుంది.