స్విమ్మింగ్ పూల్‌లో ఈత కొట్టాక చర్మం, జుట్టు పాడవకుండా ఇంట్లోనే ఏం చేసుకోవచ్చు? శనగపిండి వాడొచ్చా?

ఈ ప్రశ్నకు జవాబు రాసే అర్హత నాకు నా తెల్లజుట్టు వల్ల వచ్చింది. అదెలాగో చెబుతాను.

నలభై ఆరేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పికి మంచిదని డాక్టరు చెబితే ఈత నేర్చుకున్నాను. వారానికి ఐదు రోజులు, రోజుకి ముప్పావు గంట. నెల తిరిగేసరికి మోచేతులు, పిక్కలు పొడిబారిపోయాయి. గోటితో గీస్తే పలక మీద బలపం గీత పడ్డట్టు పడేది. జుట్టు సంగతి సరేసరి, దువ్వెన దిగేది కాదు. నేనూ మీలాగే వీడియోలన్నీ చూసి వంటింటి మీద పడ్డాను. ఒకరోజు పెరుగులో పసుపు, ఇంకోరోజు గుడ్డు, మర్నాడు మరేదో.

ఒకరోజు మా అమ్మాయి జడ వేసుకుంటూ అద్దంలోంచి నన్ను చూసి, "అమ్మా, నీ తెల్లజుట్టు పచ్చగా ఉందేంటి?" అంది. నాకు నుదుటి మీద కుడివైపు ఒక పాయ బాగా నెరిసింది, రంగు వేయను. ముందురోజే పసుపు ప్యాక్ వేసుకున్నాను కాబట్టి అదే అంటుకుందనుకుని "రెండుసార్లు తలస్నానం చేస్తే పోతుందిలే" అన్నాను. పోలేదు. రెండు రోజుల తర్వాత మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఆ పాయ జారి కళ్ళ ముందుకొచ్చింది. పసుపుపచ్చ కాదండీ, ఆకుపచ్చ! నీళ్ళతొట్టి అంచున పాచి పడుతుంది చూడండి, అచ్చం ఆ రంగు. రెండు రంగులకీ పచ్చ అనే ఒకే మాట సరిపెట్టుకున్న పాపానికి రెండు రోజులు ఆ జుట్టుతోనే ఊరంతా తిరిగాను.

అక్కకి ఫోన్ చేస్తే, "క్లోరిన్ పట్టేసిందే. నిమ్మరసంలో వంటసోడా కలిపి పట్టించు, అన్నీ సహజమైనవే కదా" అంది. పట్టించాను. బుసబుసా పొంగింది. పొంగుతోందంటే పనిచేస్తోందని మురిసిపోయాను. గిన్నె అడుగున కాస్త మిగిలితే పారేయడమెందుకని మొహానికీ మెడకీ కూడా రాసేశాను. ఐదు నిమిషాల్లో మంట మొదలైంది. చన్నీళ్ళతో కడిగినా తగ్గలేదు. మెడ మీద వారం రోజులు ఎర్రటి చారలు, అవి మానాక గోధుమరంగు మచ్చలు. పాయ మాత్రం పచ్చగానే ఉంది, పైగా కొబ్బరిపీచులా తయారైంది.

పీహెచ్ అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం, ఎంత పెరిగితే అంత క్షారం. నిమ్మరసం పీహెచ్ 2కి అటూ ఇటూగా ఉంటుంది. వంటసోడా నీళ్ళది 8 దాటుతుంది. మన చర్మం ఉండేది 5 దగ్గర. క్లోరిన్ నీళ్ళలో నాని, పైనున్న నూనె పొర పోగొట్టుకుని వచ్చిన చర్మానికి ఈ రెండూ ఎందుకు చెప్పండి? నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు కూడా లేస్తాయి. సహజం అనగానే మనకి భయం పోతుంది. దురదగొండి కూడా సహజమే మరి.

అసలు సంగతి చెప్పింది పూల్ దగ్గర నీళ్ళు చూసుకునే అబ్బాయి. రోజూ పొద్దున్నే రెండు చిన్న గొట్టాల్లో నీళ్ళు పట్టి చుక్కలు వేస్తాడు. ఒకటి పసుపురంగుకి తిరుగుతుంది, అది ఎంత చిక్కగా ఉంటే అంత క్లోరిన్. రెండోది ఎర్రబడుతుంది, అది పీహెచ్ చూడటానికి. 7.2 నుంచి 7.8 లోపు ఉండాలి. నా పాయ చూసి నవ్వాపుకుని, "ఇది క్లోరిన్ కాదు మేడం, రాగి" అన్నాడు. నాచు పట్టకుండా వాళ్ళు నీళ్ళలో మైలుతుత్తం వేస్తారట. అందులోని రాగి వెంట్రుకకి అంటుకుంటుంది. నల్లజుట్టుకీ అంటుకుంటుంది, కాకపోతే కనబడదు.

ఇంకో మాట కూడా చెప్పాడు. పూల్ దగ్గర ముక్కుపుటాలు అదిరేలా వచ్చే వాసన క్లోరిన్ ఎక్కువై వచ్చేది కాదట. మన చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే పుట్టే క్లోరమైన్ల వాసనట. కళ్ళు మండేది కూడా వాటి వల్లే. ఆరోజు నుంచీ షవర్ కింద నిలబడకుండా నేరుగా దూకేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్క నిమిషం నిలబడితే ఏం పోతుంది? సెంటు కొట్టుకుని, పౌడర్ రాసుకుని మరీ దిగుతారు, తర్వాత నీళ్ళు బాగాలేవని ఫిర్యాదు చేసేదీ వాళ్ళే. పసిపిల్లల్ని ఏమీ అనలేం, పెద్దవాళ్ళకేమైంది?

అందుకే నన్నడిగితే సగం పని దిగే ముందే అయిపోవాలి. వెంట్రుక తన బరువులో దాదాపు మూడో వంతు నీళ్ళు పీల్చుకుంటుంది. ముందే కుళాయి నీళ్ళతో తల బాగా తడిపితే పూల్ నీళ్ళకి అంత చోటుండదు. ఆ తడిజుట్టు చివర్లకి అర చెంచా కొబ్బరినూనె రాసి, ముడి వేసి, పైన సిలికాన్ టోపీ పెడతాను. అర చెంచాకి మించొద్దు, నీళ్ళలో నూనె తేలితే ఆ అబ్బాయి నన్నే తిడతాడు. కొబ్బరినూనే ఎందుకంటే, 2003లో వచ్చిన ఒక పరిశోధనలో దాన్ని పొద్దుతిరుగుడు నూనెతో, మినరల్ ఆయిల్‌తో పోల్చి చూస్తే, వెంట్రుకలోని ప్రోటీన్ పోవడాన్ని బాగా తగ్గించింది ఇదొక్కటే.

బయటికి రాగానే, ఒళ్ళు ఆరకముందే స్నానం. ఇంటికెళ్ళి చేద్దాంలే అనుకుంటే క్లోరిన్ ఒంటి మీదే ఆరుతుంది. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, మరీ వేడివైతే ఉన్న నూనె కూడా పోతుంది. నా సంచిలో ఒక స్ప్రే సీసా ఉంటుంది. లీటరు నీళ్ళలో పావు చెంచా విటమిన్ సి పొడి, అంతే. తలకీ ఒంటికీ కొట్టుకుని ఒక నిమిషం ఆగి కడిగేస్తాను. విటమిన్ సి క్లోరిన్‌ని క్లోరైడ్‌గా మార్చేస్తుంది, ఆ వాసన అక్కడే పోతుంది. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. చప్పరించే బిళ్ళలు నూరి పొయ్యకండి, వాటిలో పంచదార ఉంటుంది, జుట్టు జిగురుజిగురుగా అవుతుంది. ఇది కూడా చేసి చూసే చెబుతున్నాను.

తుడుచుకునేటప్పుడు అద్దుకోవాలి, రుద్దకూడదు. ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే కాళ్ళకీ చేతులకీ నాలుగు చుక్కల కొబ్బరినూనె రాస్తాను. మొహానికి మాత్రం రాయను, మా అమ్మాయికి మొటిమలు వచ్చాయి. మొహానికి కలబంద గుజ్జు. కలబంద మట్ట కోయగానే మొదట్లో పసుపుపచ్చని రసం కారుతుంది (ఈసారి నిజంగానే పసుపుపచ్చ). అది చర్మానికి పడదు. మట్టని పది నిమిషాలు గ్లాసులో నిలబెట్టి, ఆ రసం దిగాక కడిగి, లోపలి తెల్లటి గుజ్జు మాత్రమే తీసుకోండి. వారానికోసారి తలకి పెరుగు పెడతాను. దానివల్ల జుట్టు మెత్తబడుతుందో, అరగంట ఊరికే కూర్చోవడం వల్ల నా మనసు మెత్తబడుతుందో గానీ నాకు బాగుంటుంది.

ఇంతకీ ఆకుపచ్చ ఎలా పోయిందనా? వంటింటి వస్తువుతో పోలేదు. ఈడీటీఏ (రాగి లాంటి లోహాల్ని పట్టి లాగేసే పదార్థం) ఉన్న షాంపూ తెచ్చి మూడుసార్లు రుద్దితే పోయింది. ఆ మాట అక్కకి ఇంకా చెప్పలేదు, నిమ్మకాయే పనిచేసిందని సంతోషిస్తోంది.

అన్నట్టు శనగపిండి అడిగారు కదా. ఈత కొట్టిన రోజు వద్దండీ. అది జిడ్డు లాగేస్తుంది, ఆరోజు మీ ఒంటి మీద లాగడానికి ఏమీ మిగిలి ఉండదు. ఈతకి సెలవిచ్చిన రోజు పెట్టుకోండి.